కింది వాడ గాలి

లాగ్ 211

నూకరత్నం బతికే ఉంది. ముందు ఈ మాట రికార్డులో పడాలి. ఎందుకంటే పై వాడ ఆఫీసు స్క్రీన్ మీద ఆమె పేరు పక్కన అప్పుడే "శ్వాస లేదు, వాటా రద్దు" అని పడిపోయింది.

నేను షాహీన్. సముద్రం అడుగున కంపెనీ కట్టిన లోతుపేటలో, కింది వాడ ఆసుపత్రి డాక్టర్ని. షిఫ్టు అయ్యాక ఈ మైకులో లాగ్ చెప్పాలన్నది కంపెనీ నియమం. మాటల్లో ఆవేశం ఉండకూడదన్నది ఇంకో నియమం. రెండోది ఈ పూట నావల్ల కాదు.

నూకరత్నం మా ఊరి బయటి గోడలు తోమే మనిషి. సూటు వేసుకుని సముద్రంలోకి దిగి, గాజు కిటికీల మీద పేరుకున్న నాచూ గుల్లలూ గీకేస్తుంది. ఇవాళ పని ముగించుకుని వస్తుంటే కిటికీ అంచున అందమైన చారల గవ్వ ఒకటి కనబడిందట. సంచిలో వేసుకుని తెచ్చింది. సూటు విప్పే గదిలో తోటివాళ్లకి చూపిద్దామని ఒట్టి చేత్తో పట్టుకుంది. లోపల నత్త బతికే ఉంది. సూదిలాంటి ముల్లుతో అరచేతిలో పొడిచింది. నొప్పి కూడా పెద్దగా లేదట, నవ్వుతూనే చెయ్యి విదిలించుకుందట. కాసేపటికి పెదవులు మొద్దుబారాయి. రెప్పలు వాలిపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చి ఆగిపోయింది.

ఆమె భర్త తాతారావు క్యాంటీన్లో వంట చేస్తాడు. చేతులకి పిండి కడుక్కోకుండానే ఆమెను భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. మంచం మీద పడుకోబెట్టేసరికి ఊపిరి ఆగింది. గొంతులోకి ట్యూబు వేసి వెంటిలేటర్ తగిలించాను.

"ఏటండి డాక్టరమ్మగారూ, పోయిందాండి?" అన్నాడు.

"పోలేదు. ఆ విషం కండరాల్ని కట్టేస్తుంది, అంతే. గుండె కొట్టుకుంటోంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. విరుగుడు మందు లేదు, కానీ ఒకటి రెండు రోజుల్లో ఒళ్లే ఆ విషాన్ని కడిగేసుకుంటుంది. అప్పటిదాకా ఆవిడ ఊపిరి మనం తియ్యాలి."

"మరి తెలివి?"

"ఉంది. కళ్లు తెరవలేదు, వేలు కదపలేదు. కానీ మనం మాట్లాడేది వినపడుతుంది."

తాతారావు ఆమె చెవి దగ్గరికి వంగి, "రత్నం, నానిక్కడే ఉన్నాను" అన్నాడు.

ఆ మాట పూర్తయిందో లేదో వెంటిలేటర్ ఒక పెద్ద నిట్టూర్పు విడిచి ఆగిపోయింది.

ఇక్కడ ప్రతి మనిషి మెడకీ ఒక పట్టీ ఉంటుంది. గొంతు కండరం కదిలితేనే ఊపిరి తీస్తున్నట్టు లెక్క. ఆ లెక్కనే ఆక్సిజన్ వాటా. నూకరత్నం కండరం కదలడం లేదు కాబట్టి ఆఫీసు యంత్రం ఆమె మంచానికి వచ్చే పైపు మూసేసింది. మా వెంటిలేటర్ నడిచేది ఆ పైపులో ఒత్తిడితోనే. మనిషికి ఊపిరి అందించే యంత్రాన్ని, మనిషి ఊపిరి తియ్యడం లేదని ఆపేశారు! ఈ తెలివితేటలు ఎవరివో నాకు ఒక్కసారి చూడాలని ఉంది.

మా సీనియర్ నర్సు అచ్చియమ్మగారు ఒక్క క్షణం కూడా వృథా చెయ్యలేదు. గోడకున్న శ్వాస బ్యాగ్ లాగి ట్యూబుకి తగిలించి నొక్కడం మొదలుపెట్టారు. నేను మూలనున్న సిలిండర్ తెచ్చి గొట్టం కలిపాను. నూకరత్నం ఛాతీ మళ్లీ లేచింది.

లాగ్ 212

బ్యాగ్ నొక్కడం చూడ్డానికి తేలిక. రబ్బరు బుడగ, ఒక చెయ్యి. కాసేపు నొక్కితే మణికట్టు లాగేస్తుంది, భుజం పట్టేస్తుంది, ఆపడానికి మాత్రం వీల్లేదు. అచ్చియమ్మగారు తాతారావుకి నేర్పారు.

"నొక్కు. వదులు. ఆవిడ గాలి బయటికి వదిలేదాకా ఆగు. మళ్లీ నొక్కు. కంగారుపడి గబగబా నొక్కావంటే లోపలి గాలి బయటికి రాదు."

"చపాతీ పిండి పిసికినట్టా అండి?"

"అంత గట్టిగా కాదు నాయనా. పసిపిల్ల వీపు నిమిరినట్టు."

నూకరత్నంతో పాటు గోడలు తోమే ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి వరసలో నిలబడ్డారు. ఒకరి చెయ్యి పడిపోతే ఇంకొకరు. నొక్కేవాళ్లు ఆమెతో కబుర్లు చెప్తూనే ఉన్నారు. క్యాంటీన్లో ఇవాళ తాతారావు లేక పులుసులో ఉప్పెక్కువైందని ఒకామె చెప్పింది.

అప్పుడు దక్షిణామూర్తిగారు వచ్చారు. గాలి విభాగం అధికారి. పై వాడ నుంచి కిందికి దిగడం నేను చూసింది అదే మొదటిసారి. ముందు రోగి వంక చూడలేదు, సిలిండర్ వంక చూశారు.

"నిమిషానికి పదిహేను లీటర్లు వదులుతున్నారు డాక్టర్. ఆమె పీల్చేది అందులో ఎంత? మిగిలిందంతా గదిలోకి పోతోంది. రద్దయిన వాటా మీద ఇంత ఖర్చు ఎలా రాయమంటారు?"

"వాటా ఎందుకు రద్దయింది?"

"సిస్టమ్ చేసింది."

"సిస్టమ్‌కి మీరు ఒక మాట చెప్పలేరా?"

"నియమాలు నేను రాయలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆయన అన్నదాంట్లో ఒక ముక్క నిజం. ఆమె ఊపిరితిత్తులకి ఏ జబ్బూ లేదు. మామూలు గాలి చాలు. ఆ బ్యాగ్ దానంతట అది గదిలో గాలి నింపుకుంటుంది. అందుకే ఆయన ఎదురుగానే గొట్టం పీకేశాను.

"తీసుకోండి మీ ఆక్సిజన్. మాకు చేతులున్నాయి."

ఆయన కదల్లేదు. నూకరత్నం మెడ పట్టీ మీద ఎర్ర దీపం చూస్తూ, "ఎందుకు ఇంత యాతన? ఇలాంటి కేసులు ఎలాగూ నిలబడవు. భర్తకి నచ్చజెప్పి ఆపించండి, మీకూ అందరికీ మంచిది" అన్నారు.

ఆమె తలాపున నిలబడే అన్నారు.

"ఆవిడ వింటోందండి" అన్నాను.

"ఎవరు?"

నూకరత్నం మూసిన రెప్పల కింద నుంచి నీరు జారి చెవిలోకి పోతోంది. తాతారావు బ్యాగ్ నొక్కుతూనే ఉన్నాడు. తల ఎత్తకుండా, "ఎల్లిపోండి సార్. నా చేతులు కాళీగా లేవు, అందుకని మర్యాదగా చెప్తన్నాను" అన్నాడు.

ఆయన వెళ్లిపోయారు. ఆయన అటు వెళ్లగానే నూకరత్నం వేలికి పెట్టిన, రక్తంలో ఆక్సిజన్ చూపే మీటర్లో అంకె దిగడం మొదలుపెట్టింది. తొంభై తొమ్మిది ఉన్నది తొంభై నాలుగు. తొంభై ఒకటి. ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది.

అలా దిగకూడదు. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తుల్లోకి మంచి గాలి వెళ్తుంటే అలా దిగనే దిగదు.

లాగ్ 213

ట్యూబు చూశాను. సరిగ్గానే ఉంది. ఛాతీకి రెండు పక్కలా స్టెతస్కోప్ పెట్టి విన్నాను. గాలి హాయిగా వెళ్తోంది. బ్యాగ్ ఎక్కడైనా చిరిగిందేమోనని మార్చాను. అంకె కదల్లేదు.

విసుగొచ్చి మీటర్ తీసి నా వేలికి పెట్టుకున్నాను. తొంభై. అచ్చియమ్మగారికి ఎనభై తొమ్మిది. తాతారావుకి తొంభై ఒకటి. వరసలో ఉన్న ఆడవాళ్లందరికీ అంతే.

నేను ఈ ఊరొచ్చి మూడు నెలలైంది. వచ్చిన కొత్తల్లోనే ఇక్కడివాళ్లకి ఈ అంకె తక్కువేంటని అడిగాను. సముద్రం అడుగున బతికేవాళ్ల ఒంటి తీరే అంతేననీ, తొంభై అంటే ఇక్కడ మామూలేననీ ఆఫీసు నుంచి నిపుణుల సంతకాలతో జవాబొచ్చింది. తలనొప్పులకి మాత్రలు పంపించారు.

ఆగిపోయిన వెంటిలేటర్లో ఆక్సిజన్ శాతం చెప్పే చిన్న సెన్సర్ ఉంటుంది. బ్యాటరీ మీద నడుస్తుంది. దాన్ని ఊడదీసి ముందు సిలిండర్ మూతికి పెట్టాను. వంద చూపించింది. సెన్సర్ బాగానే ఉందన్నమాట. తర్వాత వార్డు మధ్యలో గాల్లో పట్టుకున్నాను.

ఇరవై ఒకటి ఉండాలి. పద్నాలుగు ఉంది.

నా ఎదురుగా గోడ మీద ఆఫీసు పెట్టిన మీటర్ పచ్చ దీపంతో ఇరవై ఒకటి అని మెరుస్తోంది.

బయటికెళ్లాను. నడవాలో పద్నాలుగు. బడిలో పద్నాలుగు. పిల్లలు బల్లల మీద తలలు వాల్చి నిద్రపోతున్నారు. ఈ పిల్లలకి బద్ధకం ఎక్కువని టీచర్ నాతో ఎన్నోసార్లు అంది. గర్భిణులు ఉండే గదిలోనూ పద్నాలుగే. అక్కడ ఒకమ్మాయి మెట్టు ఎక్కలేక గోడ పట్టుకుని నిలబడి, నన్ను చూసి సిగ్గుపడుతూ నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. చేతిలో సెన్సర్ని గోడకేసి కొట్టాలనిపించింది. అదొక్కటే మా దగ్గరున్న సాక్ష్యం అని ఆగాను.

నూకరత్నానికి జబ్బు లేదు. ఊరికి ఉంది. ఇంతమందిమి ఊపిరి తీస్తూ కూడా గమనించలేని సంగతి, ఊపిరి ఆగిన మనిషి వల్ల బయటపడింది.

లాగ్ 214

దక్షిణామూర్తిగారికి గోడ స్పీకర్లో ఫోన్ చేశాను. అంకె చెప్పాను. అబద్ధమని మాత్రం అనలేదు.

"నీళ్ల నుంచి ఆక్సిజన్ తీసే యంత్రాల్లో సగం ఆగిపోయాయి. విడిభాగాలు ఒడ్డు నుంచి రావాలి. ఉన్నదాంట్లో సర్దాం."

"ఎవరికి సర్దారు?"

"లోహం కరిగించే కొలిమి హాలుకి ఆక్సిజన్ ఆగితే కంపెనీయే ఉండదు డాక్టర్. అక్కడ తగ్గించలేం."

"పై వాడలో?"

ఆయన విడిభాగాల పేర్లు చదవడం మొదలుపెట్టారు.

"పై వాడలో గాలి ఎంత ఉందండీ?"

"అక్కడ నిర్ణయాలు తీసుకునేవాళ్లు ఉంటారు. బుర్ర పనిచెయ్యాలి."

ఈ మాటని ఉన్నదున్నట్టు లాగ్‌లో పెడుతున్నాను. మార్చలేదు, కలపలేదు.

"ఇంతవరకు ఎవరూ చనిపోలేదు కదా" అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, "ఆ సెన్సర్ నాకు పంపించండి. మీ పేషెంట్ పైపు ఇప్పుడే తెరిపిస్తాను. వెంటిలేటర్ నడుస్తుంది, ఆమె బతుకుతుంది. మిగతా సంగతి విడిభాగాలు వచ్చాక చూసుకుందాం. మీకు కావల్సింది ఆమె బతకడమే కదా" అన్నారు.

తిరిగి చూస్తే తాతారావు బ్యాగ్ ఇంకొకరికిచ్చి నా వెనకే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. సిలిండర్లో ముల్లు అడుగుకి దగ్గరగా ఉంది, అందుకే దాన్ని మళ్లీ తగిలించకుండా చివరికని దాచాం. నూకరత్నం అంకె ఎనభై ఐదుకి జారింది. నొక్కేవాళ్లే ఆయాసపడుతున్నారు. ఆ గాల్లో వాళ్లకి మాత్రం బలం ఎక్కడిది?

"మీరు చెప్పండి తాతారావుగారూ. ఆవిడ మీ మనిషి. మీరు సరేనంటే ఇప్పుడే ఇచ్చేస్తాను. మిమ్మల్ని ఒక్క మాట అననివ్వను."

అతను గోడకి చేరగిలబడ్డాడు. మొహం తుడుచుకున్నాడు. అతను అవునన్నా తప్పు లేదు.

"ఇప్పుడు నానది ఇచ్చి రత్నాన్ని లేపుకున్నాననుకోండి. లేచాక ఆవిడకేటి చెప్పాలండి? మా అక్క కూతురు నీళ్లోసుకునుంది. ఆ పిల్ల ఇదే గాలి పీలుస్తంది." మంచం చక్రాల వంక చూసి అన్నాడు. "పై వాడలో గాలుందన్నాడుగా ఆయన. రత్నాన్నే అక్కడికి ఒట్టుకెల్లిపోదాం."

అంత తేలికైన మాట నాకెందుకు తట్టలేదో తెలియదు. నేను స్పీకర్లో, "సెన్సర్ నేనే తెస్తున్నాను" అని చెప్పి పెట్టేశాను.

లాగ్ 215

మంచం చక్రాలది. తాతారావు తల దగ్గర నడుస్తూ నొక్కుతున్నాడు. మిగిలిన సిలిండర్ కాళ్ల మధ్య పెట్టాం, దారిలో అవసరమైతే వాడదామని. అచ్చియమ్మగారు ట్యూబు కదలకుండా పట్టుకున్నారు. నేను సెన్సర్ చేత్తో ఎత్తి పట్టుకుని ముందు నడిచాను. నడవాలో ఎదురైన ప్రతివాళ్లకీ అంకె చూపించాను. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. "ఇరవై ఒకటి ఉండాలి" అని మాత్రం అన్నాను. బడి దగ్గర టీచర్ ఆ అంకె చూసి, వెనక్కి తిరిగి నిద్రపోతున్న పిల్లల్ని చూసి, చేతిలో పుస్తకం కింద పడేసి మా వెంట వచ్చింది. ఏటవాలు దారి ఎక్కేసరికి వెనక కింది వాడ సగం ఉంది. అందరూ ఆయాసపడుతూనే ఎక్కారు.

రెండు వాడలకీ మధ్య ఒకటే ఉక్కు తలుపు. కాపలా మనిషి కామేశు. పాస్ లేనిదే తెరవకూడదు.

"ఏమనుకోకండి డాక్టరమ్మా. పై నుంచి ఇప్పుడే ఆర్డరొచ్చింది, ఎవర్నీ వదలొద్దని" అన్నాడు. అంటూనే మంచం మీద మనిషిని పోల్చుకున్నాడు. "రత్నమక్కా?"

తాతారావు ఆగలేదు. నొక్కుతున్నాడు, వదుల్తున్నాడు.

నేను సెన్సర్ని తలుపు కింద సందుకి ఆనించాను. అవతలి గాలి సన్నగా ఇటు వస్తోంది. అంకె కదిలింది. పదహారు. పద్దెనిమిది. ఇరవై. కామేశు వంగి చూశాడు. అతని ఇల్లూ కింది వాడే. మెడలోని పాస్ తీసి తలుపుకి ఆనించాడు.

మంచం గడప దాటుతుండగా దక్షిణామూర్తిగారి గొంతు స్పీకర్లో వినిపించింది. "తలుపు వెయ్! కామేశూ, వెంటనే వెయ్!" యంత్రం అక్కడి నుంచే నడిపించారు. తలుపు కదిలింది. ఆ తలుపు మధ్యలో ఊపిరి తీసే మనిషి ఉంటే, మెడ పట్టీ చూసి ఆగుతుంది. నూకరత్నం దాని లెక్కలో మనిషి కాదు. తలుపు ఆమె కాళ్ల మీదికి వచ్చేస్తోంది.

అచ్చియమ్మగారు ట్యూబు నా చేతికిచ్చి, చీర కుచ్చిళ్లు దోపుకుని, తలుపుకీ మంచానికీ మధ్యలో వెళ్లి నిలబడ్డారు. ఉక్కు ఆమె భుజం దాకా వచ్చి ఆగింది.

"నొక్కుతూ ఉండు నాయనా, నేనిక్కడున్నాను" అన్నారు.

లాగ్ 216

పై వాడ స్వాగత హాల్లో, పూలకుండీల మధ్య మంచం పెట్టాం. ఇక్కడ ఇరవై ఒకటి. సిలిండర్ తెరవలేదు. ఒట్టి చేత్తో, ఒట్టి గాలితో నూకరత్నం అంకె తొంభై ఎనిమిదికి ఎక్కింది. నేను చెప్పదలుచుకున్నదంతా ఆ అంకెలో ఉంది.

తలుపు ఇంకా తెరిచే ఉంది. అచ్చియమ్మగారు అలసిపోతే టీచర్ వెళ్లి నిలబడింది. ఆమె తర్వాత ఇంకొకరు. బ్యాగ్ దగ్గర ఒక వరస, తలుపులో ఒక వరస. తలుపు తెరిచి ఉండేసరికి పై గాలి కిందికీ కింది గాలి పైకీ నడుస్తోంది. పై వాడ అంకె మెల్లగా తగ్గింది. పంతొమ్మిది. పద్దెనిమిది. మేనేజర్ల ఇళ్లల్లో పిల్లలకి తలనొప్పి వచ్చింది. ఒక తల్లి పిల్లాణ్ని ఎత్తుకుని నా దగ్గరికొచ్చి మందు అడిగింది. నిజం చెప్పాను. కోపంగానే చెప్పాను. ఆమె నూకరత్నం మంచం వంక, తలుపులో మనుషుల వంక చూసి, పిల్లాణ్ని చంకనేసుకుని నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్లింది. అక్కడ ఏం కేకలేసిందో గాజు అవతల్నుంచి వినపడలేదు. చేతులు మాత్రం కనబడ్డాయి.

ఎన్ని నెలలుగానో ఆపలేమన్న కొలిమి హాలు ఈ సాయంత్రం ఆగింది. దాని వాటా రెండు వాడల్లోకీ వదిలారు. అయినా తలుపు మూస్తే మళ్లీ మొదటికే వస్తుందని మావాళ్లు గడప వదల్లేదు. నెలల తరబడి కుదరనిది, వాళ్ల పిల్లలకి ఒక్క పూట తల నొప్పెడితే కుదిరింది. దీనికి నేను ఎవరికీ కృతజ్ఞతలు చెప్పను.

దక్షిణామూర్తిగారు వచ్చి సెన్సర్ అడిగారు. ఇవ్వలేదు. "మీరు ఊరిని ప్రమాదంలో పడేశారు" అన్నారు. "ఏ ఊరిని?" అన్నాను. తాతారావు బ్యాగ్ నొక్కడం ఆపకుండా ఆయన్ని అలా చూస్తూ ఉన్నాడు. ఆయన ఎక్కువసేపు నిలబడలేదు.

లాగ్ 217

నిన్న షిఫ్టు మారే వేళకి తాతారావు చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"డాక్టరమ్మగారూ, నాను నొక్కలేదండి."

"ఏమైంది?"

"నాను నొక్కలేదు. అదే కదిలింది."

బ్యాగ్ మీద నా చెయ్యి వేశాను. కాసేపు ఏం లేదు. తర్వాత రబ్బరు లోపల్నుంచి ఎవరో మెల్లగా లాక్కున్నట్టు సన్నగా కదిలింది. నూకరత్నం తనంతట తాను ఊపిరి తీస్తోంది. చిన్నది, పిట్ట తీసేంత. వెంటనే ఇంకొకటి. తాతారావు నేల మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుని బావురుమన్నాడు. ఆ చేతులు వేళ్ల దగ్గర వాచిపోయి, ముడుచుకోవడం కూడా రావడం లేదు.

ఇవాళ ట్యూబు తీశాను. రెప్పలు సగం తెరిచింది. మాట గరగరలాడుతోంది. మంచినీళ్లు అడుగుతుందనుకున్నాను.

"తలుపులో ఎవరున్నారండి ఇప్పుడు?" అంది.

అంతా విన్న మనిషి.

"మీ ఆడపడుచు నిలబడిందమ్మా."

"ఆవిడకి మోకాళ్ల నొప్పులండి. ఎంతసేపు నిలబడుద్ది? నన్ను తీసుకెల్లండి."

"నీకింకా కాళ్లు రాలేదు రత్నం" అన్నాడు తాతారావు.

"కుర్చీ ఉంది కదా."

డాక్టర్‌గా నేను వద్దనాలి. అనలేదు. హాల్లోంచి మెత్తటి కుర్చీ ఒకటి తీసుకెళ్లి తలుపు గడప మీద వేశాం. తాతారావు ఆమెను ఎత్తుకెళ్లి కూర్చోబెట్టాడు. తల ఒక పక్కకి వాలిపోతుంటే తన భుజం ఆనించాడు. ఆడపడుచు వెళ్లి పడుకుంది.

స్పీకర్లో ఎవరో అధికారి దారి ఇవ్వమని మర్యాదగా చెప్పాడు. తర్వాత గట్టిగా చెప్పాడు. నూకరత్నం బదులివ్వలేదు. మాట్లాడితే ఊపిరి ఖర్చవుతుంది. మెడ పట్టీ మీద దీపం ఇప్పుడు పచ్చగా ఉంది, తలుపు కదల్లేదు. ఆమె గడప మీద కూర్చుని, కష్టపడి, ఒకటి తర్వాత ఒకటి, ఊపిరి తీస్తూ ఉంది.